తమ్ముడి టీ

కొనకనమిట్ల రోడ్డు మీద స్వర్ణలతక్కదీ, ఆమె తమ్ముడు మాలకొండయ్యదీ ఎదురెదురు టీ దుకాణాలు. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకరి టీని ఒకరు తిడుతూనే తమ టీ అమ్ముకుంటున్నారు. అక్క అల్లం దంచి వేస్తుంది. తమ్ముడు చక్కెర తప్ప ఇంకేమీ నమ్మడు.

"వాడిది టీ కాదు, పానకం. చీమలకు అమ్ముకోమను," అంటుంది అక్క, రోడ్డు అవతలికి వినబడేలా.

"మా అక్కది కషాయం. జొరమొచ్చినప్పుడు పోయి తాగండి," అంటాడు తమ్ముడు, అంతే గట్టిగా.

చివరికి జ్వరం అతనికే వచ్చింది. అక్క టీ తాగాడో లేదో తెలియదు గానీ, మంచం దిగలేదు. మర్నాడు పొద్దున స్వర్ణలతక్క తన దుకాణం తెరవకుండా, రోడ్డు దాటి వచ్చి తమ్ముడి పొయ్యి వెలిగించింది.

నేను రోజూ మాలకొండయ్య దగ్గర తాగేవాణ్ణి. మా ఇల్లు ఆ వైపు ఉంది, అంతకు మించి కారణం లేదు. ఇవాళైనా నోటికి మంచి టీ తగులుతుందని ఆశగా గ్లాసు అందుకున్నాను. ఒక్క గుక్కకే పెదవులు అతుక్కున్నాయి. అచ్చం మాలకొండయ్య టీయే.

నాకు ఒళ్లు మండింది.

"ఏందక్కా ఇది? నీకు మంచి టీ పెట్టడం రాక కాదు గదా! ఈ ఒక్కరోజన్నా ఇంత అల్లం వేస్తే ఏం పోయింది?"

ఆమె తల ఎత్తకుండానే గిన్నెలో ఇంకో గరిటెడు చక్కెర పోసింది.

"మీరంతా ఇయ్యాల నా టీ తాగినారంటే, రేపు వాడు లేచొచ్చి కాసినాక వాడిది మీ గొంతు దిగుతాదా?"