నోరు పోలిరాజుది, గొంతు ఎవరిదో

పోలిరాజు సినిమాలో మొదటిసారి ఒక మాట దక్కించుకున్నది 1997లో. అంతకుముందు మూడేళ్ళూ అతను తెర మీద దెబ్బలు తిని పడిపోయేవాడు, అంతే. ఇసుకలో పడ్డాడు, ఉప్పునీళ్ళలో పడ్డాడు, చేపల గంపల మీద పడ్డాడు. ఒక సినిమాలో మేడ మీంచి అట్టపెట్టెల మీదికి పడి చాలాకాలం నడుం పట్టుకుని తిరిగాడు. ఇన్ని పడ్డాక ఒక దర్శకుడు అతనికేసి చూసి, "వీడికి ఒక మాట ఇవ్వండయ్యా" అన్నాడట. "పోలీసోలు వత్తన్నారు బాబూ!" అన్నదే ఆ మాట. నాకు తెలిసి పెద జాలరిపేటలో అంతకుముందు ఎవరికీ ఆ భాగ్యం లేదు. కష్టపడి సంపాదించిన విజయమే, ఒప్పుకుంటాను. సంతోషంగా ఒప్పుకుంటున్నానని మాత్రం రాయలేను.

ఎందుకంటే అప్పటికి నేను ఎవరిని? రాజోలు తాలూకాలో మా ఊరి బోర్డు స్కూల్లో ఏడో తరగతి వరకూ చదివి, అక్కడి మాస్టారి దగ్గరే పద్యం పాడడం నేర్చి, ఈ విశాఖపట్నం పోర్టులో సరుకు మోసే కళాసీగా చేరి, క్రేను ఆపరేటరుగా రిటైరైన చలమయ్యని. పోర్టు ఉద్యోగుల నాటక పోటీల్లో ఉత్తమ నటుడి కప్పులు నా ఇంట్లో నాలుగున్నాయి. అనకాపల్లిలో నా పద్యానికి జనం వన్స్‌మోర్ కొట్టి తెర దించనివ్వలేదు. విజయనగరంలో ఒక పెద్దమనిషి తన భుజం మీది శాలువా తీసి నాకు కప్పాడు. మైకు లేకుండా చివరి వరసకి వినబడే గొంతు ఎవరిదని మన పోర్టు కళాసమితిలో ఎవరిని అడిగినా నా పేరే చెబుతారు. అలాంటి నాకు సినిమాలో ఒక్క మాట లేదు. పెళ్ళిపందిట్లో కూర్చోవడం, అక్షింతలు వెయ్యడం, తల ఊపడం. పోలిరాజుకి మాట వచ్చింది.

అప్పట్లో షూటింగులకు మనుషుల్ని సరఫరా చేసే ఏజెంటు శ్రీరామ్మూర్తి. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద రెండు వ్యాన్లు పెట్టేవాడు. వరసలో నిలబడ్డ మమ్మల్ని చేత్తో విడదీసేవాడు.

"రంగున్నోళ్ళు పెళ్ళి వ్యానెక్కండి. నల్లగున్నోళ్ళు గొడవ వ్యాను. బేగి, బేగి!"

నేను పచ్చగా ఉంటాను. నాది పెళ్ళి వ్యాను. మొదట్లో అది గౌరవం అనుకున్నాను. తెర మీద చూశాకే తెలిసింది. పెళ్ళివాళ్ళం పూలదండల వెనక మసకమసకగా ఉంటాం. గొడవవాళ్ళు హీరోకి ఎదురుగా, తెరంత మొహాలతో ఉంటారు. పోలిరాజు నుదుటి మీద చెమట కూడా కనబడింది. నా మొహాన్ని నా భార్య కనకరత్నమే పోల్చుకోలేకపోయింది. కడుపు మండదూ?

ఆ సినిమా విడుదలైనప్పుడు పోలిరాజు పేటలో సగం మందిని వెంటేసుకుని జగదాంబ సెంటర్లో మ్యాట్నీకి వచ్చాడు. నన్నూ పిలిచాడు, వెళ్ళాను. అతని భార్య కాసులమ్మా, చిన్న పిల్ల సాయిదుర్గా మా ఇద్దరి మధ్యా కూర్చున్నారు. తెర మీద స్మగ్లరు వేషంలో పోలిరాజు మొహం వచ్చింది, పెదాలు కదిలాయి. గొంతు మాత్రం ఇంకెవరిదో. ముక్కుతో సాగదీసి, కోడిని పట్టుకుంటే అరిచినట్టు అరిచింది ఆ గొంతు. హాలంతా గొల్లుమంది.

"ఏటిది? నీ గొంతు కాదు కదేటి?" అంది కాసులమ్మ.

"కాదు. అయిదరాబాదులో ఎవుడో సెప్పీసినాడు."

"మరి నువ్వు సెప్పినదేటైపోనాది?"

"అది షూటింగు కాడే ఉండిపోద్దంట."

"మనం ఎప్పుడైనా అలాగ మాటాడతామేటి? మేకపిల్ల ఏడిసినట్టు!"

నా కడుపులో మంట ఆ పూటకి కొంత చల్లారింది.

కాని ఆ మాట హాల్లోనే ఉండిపోలేదు. సాయిదుర్గ బడికి వెళ్తే పిల్లలు అదే గొంతుతో "పోలీసోలు వత్తన్నారు బాబూ" అని వెంటపడేవారు. స్మగ్లరు కూతురన్నారు. ఆ పిల్ల పెద్ద తరగతులకు వచ్చాక కూడా ఆ కూత వదల్లేదు. ఒకరోజు ఇంటికొచ్చి తండ్రితో తెగేసి చెప్పిందట, "నాన్నా, నువ్వు సినిమాల్లో పడితే పడు. మాటాడకు" అని.

"ఒక్కపాలి నా గొంతు నాదిగా ఇనిపించనీయే. ఆ తరవాత మానేత్తాను," అని కూతురికి మాట ఇచ్చాడు పోలిరాజు. ఇది అతనే నాకు చెప్పాడు.

సినిమావాళ్ళు మనుషుల్ని ముందే పంచి పెట్టుకుంటారు. గోదావరి జిల్లావాడు కండువా దులుపుకుంటూ వెటకారం ఆడాలి. సీమవాడు జీపు దిగి తొడ కొట్టాలి. ఉత్తరాంధ్ర మాట పనివాడి నోట్లోనో పిరికివాడి నోట్లోనో పెట్టి నవ్వించాలి. జాలరి నల్లగా ఉంటాడు కనక దొంగసరుకు దింపాలి. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఫిషింగ్ హార్బరు గేటు ముందు నుంచే పనికి వెళ్ళాను. అక్కడ చేపల వేలం చూశాను, వలలు బాగు చేసుకోవడం చూశాను, ఆడవాళ్ళు ఐసు కోసం తగువులాడుకోవడం చూశాను. దొంగసరుకు మాత్రం చూడలేదు. అయినా సినిమా చూసి మధురవాడ నుంచి బైకుల మీద వచ్చిన కుర్రాళ్ళు, వల లాగుతున్న వాళ్ళ దగ్గర ఆగి, "భాయ్, సరుకు దిగిందా?" అని నవ్వడం నా చెవులతో విన్నాను. ఒకసారి పోలిరాజు అడిగాడు నన్ను.

"మా పేటలో దొంగని ఒకణ్ణి సూపించండి సలమయ్యగోరూ. సినిమాలో పేటంతా దొంగలే!"

"నాకు మాత్రం ఏం మర్యాద చేశారయ్యా? కప్పులు తెచ్చుకున్నవాణ్ణి, అక్షింతలు వేయిస్తున్నారు," అన్నాను.

"మీకు అచ్చింతలు. నాకు తన్నులు. మార్సుకుందామేటి?"

మార్చుకునేవాణ్ణే. తన్నులు తిన్నా మొహం కనబడుతుంది కదా.

2004లో నాకూ రోజు వచ్చింది. హార్బరులో తీస్తున్న ఒక సినిమాకి జాలరి పెద్ద వేషం కావలసి వచ్చింది. నా నాటకాల ఫొటోల ఆల్బమ్ పట్టుకుని వెళ్ళాను. ఒక పద్యం ఎత్తుకున్నాను. దర్శకుడు సగంలోనే చాలన్నాడు. వేషం నాదే. అయితే జాలరికి ఈ రంగు పనికిరాదన్నారు. మేకప్ మనిషి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ముఖానికీ మెడకీ చేతులకీ నల్లరంగు పూశాడు. పోలిరాజు పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆ సినిమాలో అతనిది నా వెనక నిలబడే జాలరి వేషం, ఒక్క మాట.

"మా నాయన ఊరకనే ఇచ్చిన రంగు సలమయ్యగోరూ. మీకు పెయింటరు కావాల్సొచ్చింది," అన్నాడు.

"నీకు రంగు వచ్చింది, నాకు వేషం వచ్చింది. ఏది మేలు?" అన్నాను.

"సాయంత్రం సబ్బెట్టి తోమితే మీది పోద్ది. రంగూ, ఏసమూ రెండూ పోతాయి!" అని నవ్వాడు. మేకప్ మనిషి కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సన్నివేశం ఇది. విలన్ బూట్లతో వచ్చి పడవ ముందుకొన మీద కాలు పెట్టి, దొంగసరుకు మూటలు దింపమంటాడు. జాలరి పెద్దగా నేను తల వంచుకుంటాను. పోలిరాజు పళ్ళికిలించి, "తవరు సెప్పినాక కాదంతామా బాబూ, మీ బూట్లు తుడిసీమన్నా తుడిసీత్తాం" అనాలి. మన జాలర్లు చెప్పులతో పడవ ఎక్కరు. ఎంత తొందరున్నా విప్పి ఒడ్డున పెడతారు. పడవ వాళ్ళకి తల్లి. ఇన్నేళ్ళుగా సినిమావాళ్ళు బూట్లతో ఎక్కి దిగుతుంటే పోలిరాజు నోరెత్తగా నేను చూడలేదు.

ఆ మాట రెండుసార్లు తప్పాడు. అసిస్టెంటు డైరెక్టరు విసుక్కున్నాడు.

"నువ్వేం చెప్పినా ఫర్వాలేదయ్యా, పెదాలు ఆడితే చాలు. ఒకటి రెండు మూడు అనుకో. గొంతు తర్వాత పెట్టేస్తాం."

"ఏటైనా అనుకోవచ్చా?"

"ఏదైనా అనుకో!"

కెమెరా తిరిగింది. విలన్ బొంబాయి మనిషి, తెలుగు ముక్క రాదు. బూటు పడవ మీద పెట్టాడు. పోలిరాజు ఆ బూటుని చూశాడు, తరవాత అతని మొహం చూశాడు. పళ్ళికిలించలేదు. ఏదో అన్నాడు, నిదానంగా అన్నాడు. పక్కనే ఒక మరపడవ ఇంజను దడదడలాడుతోంది. గొడుగు కింద కూర్చున్న దర్శకుడికి టీవీలో మొహమే తప్ప మాట తెలియదు. "ఓకే! ఆ కళ్ళు చూడండయ్యా!" అని చప్పట్లు కొట్టాడు. ఆ మాట విన్నది పోలిరాజుకి మూరెడు దూరంలో నిలబడ్డ నేనొక్కణ్ణే.

వర్షాలు వెళ్ళాక శ్రీరామ్మూర్తి మా ఇంటికి వచ్చాడు. ముందు నా సంగతి చెప్పాడు. జాలరి పెద్దకి హైదరాబాదులో ఎవరో కుర్రాడు గొంతు పెట్టేశాడట.

"మీది మరీ నాటకంలా ఉందన్నారు మాస్టారూ. ఏటీ అనుకోకండి."

అనకాపల్లిలో తెర దించనివ్వని గొంతది. కుర్చీలోంచి లేవబోయాను. కనకరత్నం చెయ్యి పట్టుకుంది.

"ఇంకోటుంది," అన్నాడు. "పోలిరాజు షాటు దగ్గర చిక్కొచ్చింది. దర్శకుడు ఆ షాటు తీసెయ్యనంటాడు. రాసిన మాట పెడితే పెదాలకి కలవటం లేదు. టేపులో ఇంజను మోతే. పోలిరాజునడిగితే, మైకు కాడ నిలబెడితేనే సెప్తానంటన్నాడు. వాడి గొంతు వద్దంటన్నారు వాళ్ళు. మీరు పక్కనే ఉన్నారు. ఏటన్నాడో చెప్పండి. చెప్పి, మీరే వచ్చి ఆ మాట పలకండి. టికెట్టు తీసేత్తాను."

హైదరాబాదు. మైకు. నా గొంతు. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నదంతా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. రేపు చెబుతానన్నాను.

ఆ సాయంత్రమే పోలిరాజు వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"నానన్నది మీరు ఇన్నారు కదా?"

"విన్నాను."

"సెప్పీసినారా?"

"ఇంకా లేదు."

"సెప్పండి, మీ ఇష్టం. మీరంటే నాకన్నా బాగుంటాది. సివరి బెంచీకి ఇనబడతాది." వెళ్ళబోతూ అన్నాడు, "మా పాపకి మాత్రం మళ్ళీ అది నాన్న గొంతు కాదు."

అతను వెళ్ళాక ఆ మాట నేను పలికి చూశాను. బ్రహ్మాండంగా వచ్చింది. గోడలు మోగాయి. కనకరత్నం వంటింట్లోంచి వచ్చి, "వెళ్ళండి, ఎన్నాళ్ళ కోరికో కదా" అంది. అద్దంలో చూసుకున్నాను. పచ్చటి మొహం. హార్బరులో నల్లరంగు పూసుకుని నిలబడ్డ నా మొహంలోంచి ఇప్పుడు ఎవడో కుర్రాడు మాట్లాడబోతున్నాడు. పోలిరాజు మొహంలోంచి నేను మాట్లాడాలా? చలమయ్య ఒకడి నోటికి అద్దెకెళ్ళాలా?

పొద్దున్నే శ్రీరామ్మూర్తికి చెప్పాను. "నా మొహానికి ఎవడో గొంతు పెట్టాడు. పోలిరాజు మొహానికి నేను పెట్టను. విన్నాను, కాని చెప్పను. మనిషినే తీసుకెళ్ళు."

"మీకు ఛాన్సు పోద్ది మాస్టారూ!"

"పోనీ."

అలా పోలిరాజు బయల్దేరాడు. పేటంతా స్టేషనుకు వచ్చింది. కాసులమ్మ వేయించిన చేపలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. ఎవరో మెడలో దండ వేశారు. నేను పళ్ళు నూరుకున్నాను. నేను పోర్టులో రిటైరైన రోజున కూడా అంత మంది రాలేదు.

పేటలో అతని ఇంటికి ఫోను లేదు. నిన్న సాయంత్రం మా ఇంటికి చేస్తానంటే తల్లీకూతుళ్ళు ముందే వచ్చి కూర్చున్నారు. ఫోను మోగగానే కాసులమ్మ లాక్కుంది.

"సెప్పించినారా?"

"సెప్పినాను." అతని గొంతు గదిలో అందరికీ వినబడుతోంది. "ముందు ముక్కుతో సాగదీయమన్నారు. మా పేటలో అలాగ ఎవుడూ మాటాడడండీ, నాను మాటాడనన్నాను. మరెలా మాటాడతారో సెప్పు అన్నాడు దర్శకుడు. సెప్పినాను. మైకు గది అద్దం అవతల అందరూ నోరు మూసీసినారు."

"నవ్వినారేటి?"

"ఒక్కడూ నవ్వనేదు. అదే ఉంచుతామన్నారు."

సాయిదుర్గ ఫోను తీసుకుంది. "నాన్నా, ఏటన్నావో ఒకపాలి సెప్పు."

"బూట్లిప్పీసి ఎక్కు బాబూ. ఇది మా యమ్మ. నీ మూట నువ్వే మోసుకో, మా పేట నెత్తిన ఎట్టకు."

ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. "ఇంకోపాలి," అంది. అతను మళ్ళీ అన్నాడు. ఆ మాట నేను పలికితే ఇంతకన్నా గట్టిగా పలికేవాణ్ణి. ఈ విషయంలో నాకు సందేహం లేదు. సాయిదుర్గ మాత్రం ఫోను చెవికి అలాగే ఆనించుకుని నిలబడింది. కాసులమ్మ నా కేసి చూసి, "బాగా సెప్పినాడు కదండీ సలమయ్యగోరూ?" అని అడిగింది.

"బాగానే చెప్పాడమ్మా," అన్నాను. అంతకన్నా పెద్ద మాట నా నోటికి రాలేదు.

గొంతులూ మోతలూ కలిపే మిక్సింగులో ఎందుకైనా అవసరపడతాడని ఇంకొన్నాళ్ళు ఉండమన్నారట. పని అయ్యాక గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాడు. పోలిరాజు విశాఖపట్నంలో దిగేది 2004 నవంబరు 18, గురువారం ఉదయం.