ఉప్పు చూసి రమ్మంటే

పొద్దున బండి మీద ఈ ఏటి మొదటి పుల్లమామిడికాయలు చూశాను. నాలుగడుగుల దూరం నుంచే తొడిమ దగ్గర కారిన సొన కూడా కనబడింది. నోట్లో నీళ్లూరాయి, కాళ్లు వాటంతటవే బండివైపు నడిచాయి. డెబ్బై రెండేళ్లవాడికి మామిడికాయను చూసి ఇంత సంబరమేమిటని మీరు అడగవచ్చు. నెల్లూరు వాళ్లు అడగరు. చేపల పులుసులో ఆ ముక్క పడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. పోయిన వేసవిలో ఆ పులుసు నా కుడికన్నును కాస్తలో మింగేసేది.

ఆ కంట్లో పొర ముదిరింది, ఎడమకన్ను ఎప్పటినుంచో అంతంతమాత్రమే. ఆపరేషన్ చేయాలంటే ముందు షుగరు దిగాలన్నారు డాక్టరుగారు. రెండుసార్లు తేదీ ఇచ్చి, రెండుసార్లూ నా రక్తం చూసి వెనక్కి పంపారు. మూడోసారి మూడు వారాల గడువు పెట్టి, ఇంకా ఆలస్యమైతే పొర గట్టిపడిపోతుంది, అప్పుడు తీయడం కష్టం అన్నారు. మైపాడు రూటులో ముప్పై ఐదేళ్లు కండక్టరుగా చేశాను, ఒక్కరోజు సెలవు పెట్టలేదు, మూడు వారాలు నోరు కట్టుకోవడం నాకో లెక్కా అన్నాను. సెలవు పెట్టలేదన్నది నిజం కాదు. వలలో వంజరం చేపలు బాగా పడ్డ రోజుల్లో నాకు తప్పకుండా జ్వరం వచ్చేది.

ఇంట్లో మా ఆవిడ పగ్గాలు పట్టుకుంది. కొర్రన్నం, కీరదోసకాయ, చక్కెర లేని టీ. సాయంత్రం నాలుగయ్యేసరికి మాత్రం నా ఒంట్లో దయ్యం లేచేది. బజ్జీలు వేగే వాసన మూడు వీధుల అవతలి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచేది. బజ్జీల బండి మా గేటు పక్కనే అన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. మా ఆవిడ వద్దనేది కాదు. ఇస్తాలే, ముందు ఈ చిక్కుడుకాయలకు ఈనెలు తీయండి అనేది. నేను ఈనెలు తీస్తూ మనసులో బస్సు బయల్దేరదీసేవాణ్ణి. నెల్లూరులో ఎక్కిన కోరిక ఇందుకూరుపేట వచ్చేసరికి తనే దిగిపోయేది. ఎన్నిసార్లు చూసినా అంతే, ఆ స్టేజీ దాటి రాలేదు. అలా పదకొండు రోజుల్లో ఐదు కిలోలు తగ్గాను. రెండు. అదీ చెప్పులు విప్పి తూగితే.

పన్నెండోనాడు మైపాడులో మా అక్క కొడుకు కొత్త పడవను నీళ్లలోకి దింపుతున్నాడు. మేనమామ కొబ్బరికాయ కొట్టాలి. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ రాలేనంది. ఒక్క ముక్కతో లేస్తానని నా చేత మాట తీసుకుని పంపింది.

మా వైపు చేపల పులుసు వండిన పూటే తినరు. ముందురోజు సాయంత్రం మట్టిచట్టిలో కాచి, తెల్లారేదాకా కదపకుండా వదిలేస్తారు. ముక్కకు పులుపు పట్టేది అప్పుడే. మర్నాడు మూత తీశాక ఉప్పు చూసే ఉద్యోగం మా ఇంట్లో చిన్నప్పటి నుంచి నాది. నేను దిగేసరికి అక్క చట్టి ముందు కూర్చుని ఉంది. డైటు సంగతి చెప్పాను.

"తినమన్లేదు గదరా అబ్బయా, చూడమన్నా" అంది.

వట్టి పులుసు నాలుక మీద వేసుకుంటే ఉప్పు తెలియదు, అన్నంలో కలపాలి. అది తిండి కాదు, బాధ్యత. మొదటి ముద్దకు ఉప్పు సరిపోయిందని తేలింది. పులుపు సంగతి తేలడానికి ఇంకొకటి పట్టింది. ముక్కకు కారం పట్టిందా లేదా అన్నది ఒక్క ముక్కతో చెప్పడం అన్యాయం. రేవులోకి రమ్మని కేకేసేసరికి పన్నెండు ముక్కలయ్యాయి. అబద్ధమెందుకు, ఏడు. కానీ అన్నం రెండుసార్లే పెట్టించుకున్నానని అందరికీ చెప్పాను, అది నాలుగుసార్లు. రేవులో జనం ఒకటే కేకలు, పడవ మొదటి అల మీదికి లేచింది, నా ఒళ్లు పులకరించింది. వంగలేక నిలబడే కొబ్బరికాయ విసిరాను. అదేదో టౌను పద్ధతి అనుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం పందిట్లో మళ్లీ ఆకు వేశారు. ఎలాగూ చెడ్డాం, పూర్తిగా చెడదాం అనిపించింది. గారెలు, పాయసం, మళ్లీ పాయసం. పొద్దున తిన్నది ఆశకు, ఇది మాత్రం నా మీద నాకున్న కోపానికి.

మర్నాడు ప్రాయశ్చిత్తం మొదలుపెట్టాను. మా ఆవిడకు ఏమీ చెప్పకుండా టిఫిను మాని, షుగరు మాత్రలు మాత్రం వేసుకుని, ఎండలో నడకకు బయల్దేరాను. పెన్నా వంతెన దాకా నడిచానని ఇప్పటికీ చెబుతుంటాను. నడిచింది వీధి చివరి పాలబూత్ దాకా. అక్కడ కళ్లు తిరిగి కూలబడ్డాను. పాలబూత్ ఆయన చక్కెర నీళ్లు తాగించి ఇంటికి చేర్చాడు. భయం వేసింది. ఈసారి కన్ను పోయినట్టే అనుకున్నాను. మా ఆవిడకు ఏడు ముక్కలూ, నాలుగుసార్ల అన్నమూ, పాయసమూ అన్నీ చెప్పేశాను. తిట్లకు సిద్ధంగా కూర్చుంటే, ఎప్పటి వేళకే కొర్రన్నం వడ్డించింది.

"నిన్న తిన్నది నిన్నతో పోయింది. దానికోసం ఇయ్యాళ పస్తుంటే సాయంత్రానికి మళ్లీ ఎగబడతారు. ఈ పూటది ఈ పూట తినండి."

"కన్ను?" అన్నాను.

"ఇంకా ఎనిమిది రోజులుండాయి గదా."

ఆ ఎనిమిది రోజులూ చెప్పుకోదగ్గ వీరత్వం ఏమీ చేయలేదు. వేళకు తిన్నాను, వేళకు నడిచాను, చిక్కుడుకాయలు దొరకని రోజు వెల్లుల్లి ఒలిచాను. పరీక్షనాడు కాగితం డాక్టరుగారి చేతిలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టాను. రేపు రండి, చేసేద్దాం అన్నారాయన. గంతేశానని చెప్పుకుంటాను గానీ, మా ఆవిడ భుజం పట్టుకుని మెల్లగా లేచాను.

కట్టు విప్పేరోజుకు మొదటి బస్సుకే అక్క వచ్చింది. కట్టు తీయగానే లోకమంతా కడిగినట్టు మెరిసింది. గోడ మీది తేదీలు, కిటికీ ఊచల తుప్పు, మా ఆవిడ ముక్కుపుడకలో రాయి, ఒక్కొక్కటే పైకి చదువుతూ చిన్నపిల్లాడిలా గోల చేశాను. ఆ ఊపులోనే అక్కవైపు తిరిగాను. ముడతలు పడ్డ చెంపలు, పూర్తిగా తెల్లబడ్డ జుట్టు, ఎప్పుడు ఊడిందో తెలియని ముందు పన్ను.

"ఏందిరా అట్టా చూస్తుండావు?" అంది.

ఏంలేదక్కా అన్నాను. నాకు మసకగా ఉన్న ఆ కొన్నేళ్లూ అక్క నా కంటికి ముసలిది కాలేదు, కాలం మాత్రం నేను చూడటం లేదని ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.