ఉస్తాద్ ఉన్న రోజు విరిగిన ఇటుకలు

ఆ రోజుల్లో నాకు అర్థం కాని విషయాలు చాలా ఉండేవి, కానీ అర్థం కాలేదని ఒప్పుకునే అలవాటు మాత్రం లేదు. ఇప్పుడు అర్థమయ్యేవి కొద్దో గొప్పో పెరిగాయి, తెలియదని చెప్పడానికి సిగ్గు కూడా పోయింది. ఈ రెండో గుణం నాకు కాలేజీలో అబ్బలేదు. రాయదుర్గంలో బండలు పగలగొట్టి ఆఫీసు టవర్లు లేపుతున్న చోట, ఒక ఇటుకల మిషను దగ్గర అబ్బింది. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలమది. పొద్దున లేవగానే ఇవాళ బందా, ధర్నానా, బస్సులున్నాయా లేవా అని టీవీ చూసి, ఆ తర్వాతే టిఫిన్ డబ్బా సర్దుకునేవాళ్ళం. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పాసై ఏలూరు నుంచి వచ్చి, మూసాపేటలో మా చిన్నాన్న ఇంట్లో ఉంటూ, బాలానగర్‌లో ఆయనకున్న చిన్న వర్క్‌షాపులోనే పనికి చేరాను. ఆడపిల్లకి ఇనుముతో పనేమిటని మా నాన్న అప్పటికే బీఎడ్ దరఖాస్తు తెప్పించి బీరువాలో పెట్టి ఉంచారు.

మా వర్క్‌షాపులో తయారయ్యే మొట్టమొదటి రకం ఇటుకల మిషను పరమ మొరటుది. బూడిద, సిమెంటు, రాతిపొడి కలిపిన ముద్దని అచ్చుపెట్టెలో పోస్తే మోటారు దాన్ని పైనుంచి అదిమేది. ఆ తర్వాత ఒక మనిషి పొడవాటి ఇనుప చెయ్యి పట్టుకుని కిందకి గుంజితే ఇటుక పైకి లేచేది. గుంజేవాడు పొద్దున బలంగా ఉండి మధ్యాహ్నానికి అలిసిపోయేవాడు కాబట్టి పొద్దుటి ఇటుక ఒక తీరుగా, సాయంత్రపు ఇటుక ఇంకో తీరుగా ఉండేది. ఇదంతా చూసిన నాకు ఒక ఆలోచన వచ్చింది. (వచ్చినప్పుడు నేను తింటున్నది మామిడిపండు. ఈ వివరం ఊరికే చెప్పడం లేదు.) మామిడిటెంక ఆకారంలో ఒక ఇనుప చక్రం చేసి అచ్చుపెట్టె కింద బిగించి మోటారుతో తిప్పితే, టెంక ఒక పక్క వాలు మీద ఇటుక మెల్లగా పైకొస్తుంది, రెండో పక్క వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి దాన్ని మోసే పలక చటుక్కున కిందకి దిగిపోతుంది. మనిషి అక్కర్లేదు. దీనికి ఇంగ్లీషులో ఒక పేరుంది గానీ, పనివాళ్ళు దాన్ని మొదటి రోజే 'టెంక' అనేశారు, అదే స్థిరపడింది.

బాలానగర్‌లో టెంక చక్కగా పనిచేసింది. మా చిన్నాన్న మిషను మీద చెయ్యి వేసి ప్రార్థన కూడా చేశారు. మిషనుని లారీ ఎక్కించి రాయదుర్గంలో ఒక పెద్ద బిల్డరుగారి సైటుకి పంపుతూ నన్ను పక్కకి పిలిచారు.

"చూడమ్మా, నెల రోజులు అక్కడ నడిపి చూపించాలి. ఆఖర్న వాళ్ళ పెద్ద మేనేజరుగారు వచ్చి చూస్తారు. ఆయన సరేనంటే ఇలాంటివి ఇంకో ఆరు తీసుకుంటారు, నువ్వు మా కంపెనీ ఇంజినీరువి. కాదంటే మీ నాన్నకి నేనింక సర్దిచెప్పలేను, బీఎడ్డే."

సైటులో నాకు తోడుగా పంపిన మనిషిని అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. యాభై దాటిన ఫిట్టరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళోనే పుట్టి, కుర్రతనంలో ఇటుక బట్టీల్లో పనిచేసి, తర్వాత బాలానగర్ వచ్చి చిన్నాన్న దగ్గర కుదురుకున్నాడు. పచ్చి ఇటుకని అరచేతిలో పట్టుకుని నీళ్ళెక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేవాడు. నన్ను 'బిడ్డా' అనేవాడు. ఉద్యమమంటే ప్రాణం, బంద్ అంటే పనికి రాడు, వస్తానని అబద్ధమూ చెప్పడు. "రేపు ధర్నా ఉంది బిడ్డా, నేను రాను, ఇగ నువ్వే జూస్కో" అని ముందురోజే చెప్పి వెళ్ళేవాడు. నేనా, నోరు విప్పితే 'అండి'లు రాలిపడే ఊరిదాన్ని. షేర్ ఆటోలో కూర్చుంటే దిగేదాకా మూగనోము పట్టేదాన్ని. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అయినా అంటారేమోనన్న భయం మాత్రం రోజూ నాతోపాటే ఆటో ఎక్కేది.

సైటులో మొదటి రోజే ఇటుకల అంచులు విరిగాయి. ఇటుక మెల్లగా లేవడం మానేసి, ఎవరో కింద నుంచి తన్నినట్టు ఎగిరి పడుతోంది. నేను తెలివైనదాన్ని కాబట్టి వెంటనే కారణం కనిపెట్టాను: బూడిద. బూడిద మార్చాం, మళ్ళీ విరిగాయి. నీళ్ళు అన్నాను, ట్యాంకరు మార్పించాను. రాతిపొడి అన్నాను, జల్లెడ పట్టించాను. టెంకని ఆకురాయితో అరగదీశాను, పలకకి నూనె పూశాను, ఆఖరికి రాయదుర్గం ఎండ బాలానగర్ ఎండ కన్నా ఎక్కువని కూడా ఒకరోజు సిద్ధాంతం చేశాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా టెంక తప్ప ప్రపంచంలో అన్నీ తప్పులే. ఉస్తాద్ ఒకటి రెండుసార్లు దగ్గరికొచ్చి "ఒక్క మాట జెప్తా బిడ్డా" అన్నాడు. నేను పరీక్షలో ఉన్నానని చెయ్యి అడ్డం పెట్టి "తర్వాతండీ" అన్నాను. (ఆ చెయ్యి ఎత్తడం మా ప్రిన్సిపాల్ దగ్గర నేర్చుకున్నది.)

ఇంతలో బంద్ వచ్చింది. ఉస్తాద్ రాలేదు. కరెంటూ పోయింది. లైను బాగుచేసేవాళ్ళు కూడా బంద్‌లోనే ఉన్నారు కాబట్టి సైటులో జనరేటరు వేశారు. నేను నీరసంగా మిషను ఆన్ చేశాను. ఇటుక పసిపిల్లని ఉయ్యాల్లోంచి ఎత్తినంత నెమ్మదిగా పైకొచ్చింది. ఒక్క అంచు విరగలేదు! ఆ రోజంతా విరగలేదు. మర్నాడు ఉస్తాద్ వచ్చాడు, ఇటుకలు మళ్ళీ విరిగాయి. నాలుగు రోజుల తర్వాత ధర్నా, ఉస్తాద్ రాలేదు, కరెంటు కోత, మళ్ళీ జనరేటరు, ఇటుకలు బంగారం. మర్నాడు ఉస్తాద్, విరగడం. మూడోసారీ అంతే. ఇంజినీరుని కదా, పుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నాను: ఉస్తాద్ ఉన్నారు, విరిగాయి. ఉస్తాద్ లేరు, విరగలేదు. నీళ్ళకీ బూడిదకీ కూడా గళ్ళు గీశాను గానీ, జనరేటరుకి గడి గియ్యాలన్న ఆలోచనే రాలేదు. కరెంటంటే కరెంటే కదా, ఏ తీగలోంచి వస్తే ఏమిటి అనుకున్నాను. పుస్తకం చూసేకొద్దీ నా అనుమానం గట్టిపడింది. అదేమిటో పేరు పెట్టి చెప్పడానికి ఇవాళ కూడా సిగ్గేస్తుంది: ఆంధ్రా పిల్ల మిషను నెగ్గకూడదని ఈ పెద్దమనిషి ఏదో చేస్తున్నాడు. అలా అనుకోగానే గుండెల్లో కలుక్కుమనేది, ఎందుకంటే రోజూ తన డబ్బాలోంచి నాకు సగం జొన్నరొట్టె విరిచి పెట్టేది కూడా ఆయనే. పగబట్టినవాడు రొట్టె ఎందుకు పెడతాడో, రొట్టె పెట్టేవాడు ఇటుక ఎందుకు విరగ్గొడతాడో నాకు బొత్తిగా బోధపడేది కాదు.

మేనేజరుగారు వచ్చే రోజు రానే వచ్చింది. బంద్ లేదు, కరెంటు నిక్షేపంగా ఉంది, ఉస్తాద్ అందరికన్నా ముందొచ్చి మిషను తుడుస్తున్నాడు. ధైర్యం తెచ్చుకుని దగ్గరికెళ్ళాను.

"ఉస్తాద్ గారూ, ఇవాళ మీకేదో కార్యక్రమం ఉందన్నారు కదండీ, వెళ్ళిరండి."

"వంటావార్పు ఉంది బిడ్డా, రోడ్డు మీదనే వండుకొని తినుడు. నీ పనైనంక పోదామనుకున్న."

"ఫర్వాలేదండీ, ఇప్పుడే వెళ్ళండి. ఇక్కడ నేను చూసుకుంటాను."

ఆయన నా మొహంకేసి, తర్వాత నా చేతిలో పుస్తకంకేసి చూశాడు. గుడ్డ మడిచి మోటారు మీద పెట్టి, డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. పదకొండింటికి తెల్ల హెల్మెట్టు పెట్టుకుని మేనేజరుగారు దిగారు, వెనక మా చిన్నాన్న. ఏసుప్రభువా అనుకుని స్విచ్ వేశాను. మొదటి ఇటుక ఎగిరి మేనేజరుగారి బూటు ముందు పడి రెండు ముక్కలైంది. రెండోదీ అంతే. మూడోదాన్ని ఆయన చూడలేదు, గడియారం చూసుకున్నారు. ఉస్తాద్ సైటులోనే లేడు! నెల రోజులు గళ్ళు గీసి కట్టిన నా సిద్ధాంతం ఇటుక కన్నా ఎక్కువ ముక్కలైపోయింది. "భోజనం చేసి వస్తాను, అప్పటికి సరిచేయగలిగితే చూస్తాను" అని మేనేజరుగారు వెళ్ళిపోయారు. చిన్నాన్న జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు, అంతే.

నేను పరిగెత్తాను. వంటావార్పు దగ్గర్లోని చౌరస్తాలోనే. రోడ్డుకడ్డంగా పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, డప్పులు, మెడలో ఆఫీసు కార్డులేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు వరసగా విస్తళ్ళ ముందు. ఉస్తాద్ ఒక గిన్నె ముందు నిలబడి గంటెతో పప్పు కలుపుతున్నాడు. నేను భయం మర్చిపోయి అంతమందిలో "ఉస్తాద్ గారూ, ఇటుకలు విరిగిపోతున్నాయండీ! నాకేమీ అర్థం కావట్లేదండీ!" అని అరిచేశాను. రెండు 'అండి'లు చౌరస్తా అంతా వినబడ్డాయి. అందరూ తిరిగి చూశారు. ఒక పెద్దావిడ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని "గట్ల ఏడుస్తరా బిడ్డ? ముందుగాల గూసో, ఇంత తిను" అని విస్తరి ముందు కూర్చోబెట్టేసింది. నా ఉద్యోగం అక్కడ మండిపోతుంటే ఇక్కడ నేను ఉద్యమంలో కూర్చుని పప్పన్నం తింటున్నాను. (చాలా బాగుంది. రెండోసారి పెట్టించుకున్నాను కూడా.)

ఉస్తాద్ పప్పు కలపడం ఆపకుండానే అడిగాడు. "చక్రం ఎటు దిక్కు తిరుగుతది బిడ్డా?"

నేను ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాను. నెల రోజులు ఇటుకని చూశాను, బూడిదని చూశాను, ఆయన్ని చూశాను. చక్రం ఎటు తిరుగుతోందో ఒక్కసారీ చూడలేదు. "తెలీదండీ" అన్నాను. నా జన్మలో ఆ మాట అనడం అదే మొదలు.

"ఈ గంటె ఎటు తిప్పినా పప్పు పప్పే. నీ టెంకకు గట్ల గాదు గద. ఉల్టా తిరిగితే నిటారు దిక్కు ముందుగాల వస్తది, ఇటుకను లేపదు, తన్నుతది. నేను లేని దినాల జనరేటర్ మీద సీదా తిరిగుంటది, కరెంట్ మీద ఉల్టా. స్విచ్ పెట్టెల లైన్ దిక్కు రెండు వైర్లు తారుమారైనై, గంతే. ఫికర్ జేయకు, పద."

గంటె పెద్దావిడకిచ్చి, తను ఇంకా ఒక్క మెతుకు తినకుండానే నాతో వచ్చాడు. కరెంటు ఆపించి స్విచ్ పెట్టె తెరిచి, లైను వైపున్న రెండు వైర్లు ఇటుది అటు, అటుది ఇటు బిగించాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. స్విచ్ వేస్తే ఇటుక మర్యాదగా పైకొచ్చి నిలబడింది. భోజనం చేసొచ్చిన మేనేజరుగారు ఒకదాని తర్వాత ఒకటి ఇరవై ఇటుకలు చూసి, అంచుల మీద బొటనవేలు రాసి, "పొద్దున మీకేమైంది?" అని నన్నడిగారు. ఆర్డరు వచ్చింది. చిన్నాన్న ఆనందంలో మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టారు, ఈసారి చాలా పొడుగ్గా.

అది ముగిసేలోపు ఉస్తాద్ ఎర్రరంగు డబ్బా తెచ్చి, కుంచెతో చక్రం పక్కన ఒక బాణం గుర్తు వేస్తున్నాడు. నేను దగ్గరికెళ్ళి నిలబడ్డాను.

"పొద్దుగాల నన్నెందుకు పంపిచ్చినవ్ బిడ్డా?" అన్నాడు, బాణం మీంచి కళ్ళు తియ్యకుండా.

"వంటావార్పుకి ఆలస్యమవుతుందేమోనని..." గుమ్మడికాయల దొంగలా నా భుజాలు నేనే తడుముకున్నాను.

"నీ పుస్తకం జూసిన. వారం కిందట్నే. మిషన్ మీద మర్చిపోయినవ్."

భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. వారం నుంచీ తెలుసు. తెలిసీ రొట్టె విరిచి పెట్టాడు, తెలిసీ ఇవాళ అన్నం వదిలేసి వచ్చాడు. "మరి వైర్ల సంగతి ముందే ఎందుకు చెప్పలేదండీ?" అంటే ఆయన మా ప్రిన్సిపాల్‌లాగా చెయ్యి అడ్డంగా ఎత్తి చూపించి నవ్వాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. క్షమించండి అన్నాను. "ఏందిరా, గింత దానికి పరేషాన్ అయితవ్" అని, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, కుంచెతోనే ఆఖరి గడిలో ఏదో రాసి ఇచ్చేశాడు.

ఇప్పుడు నేను చాలా పెద్ద మిషన్లే గీస్తున్నాను. ఏది గీసినా ముందు ఎర్రబాణం గీస్తాను. కొత్తగా చేరిన ఇంజినీర్లు అది ఏ పుస్తకంలో ఉంది మేడం అని అడుగుతారు. మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్ళినప్పుడల్లా ఆ టవరుకేసి చూస్తాను, దాని గోడల్లో ఎక్కడో ప్లాస్టరింగు కింద నా అంచులు విరిగిన ఇటుకలు కూడా కొన్ని ఉండే ఉంటాయి. ఉస్తాద్ పని మానేసి చాలా ఏళ్ళయింది. ఆ పుస్తకం మాత్రం, ఒకప్పుడు బీఎడ్ దరఖాస్తు పెట్టిన నాన్న బీరువాలోనే భద్రంగా ఉంది. నెల రోజుల పాటు నా గుండ్రటి అక్షరాలతో రాసుకున్న అనుమానమంతా అయ్యాక, ఆఖరి గడిలో లావుపాటి ఎర్రరంగు అక్షరాలున్నాయి: "ఉస్తాద్ ఉన్నడు. ఇరగలే."