బుర్హానుద్దీన్ దాచుకున్న బరాత్ పాట

కోరుట్లలో పెళ్లి బ్యాండంటే బుర్హానుద్దీన్ బ్యాండే. జరీ కుట్టిన ఎర్రకోటు వేసుకుని ఆయన క్లారినెట్ ఊదుతుంటే, మోకాళ్ల నొప్పులని పొద్దంతా మూలిగిన మేనమామలు కూడా నడుముకు తువ్వాల చుట్టి బరాత్‌లో దిగేవారు. కాని ఊదేదంతా సినిమా పాటే. ఎప్పుడైనా మనసాగక సొంతంగా రెండు ముక్కలు ఊదాడంటే చాలు, "ఉస్తాద్, మంచిగ ఎగురుతాంటె మధ్యల గీ ఆగమేంది?" అని పెళ్లివాళ్లు కసురుకునేవారు.

అయినా ఆయనకొక సొంత పాట ఉంది. కొడుకు అఫ్సర్ పుట్టిన ఏడాది కట్టుకున్నది. ఇంట్లో తలుపులేసుకుని ఊదేవాడు. విన్నది భార్య సర్వర్ బీ ఒక్కతే. అది మొట్టమొదట వీధిలో మోగేది కొడుకు బరాత్‌లోనేనని ఆయన పంతం. వయసులో ఉన్నప్పుడు దాన్ని బయటపెడితే ఏమయ్యేదో గాని, ఆ పంతం వల్ల పాట కూడా కొడుకుతో పాటే ఇంట్లో పెరిగి పెద్దదైంది. కొడుకు మొబైల్ రిపేరు షాపు పెట్టుకున్నాడు. పాట మాత్రం గడప దాటలేదు.

ఇంతలో తెలంగాణ ఉద్యమం ముదిరింది. పెళ్లిళ్లకంటే శవయాత్రలు ఎక్కువయ్యాయి. చచ్చింది మనుషులు కాదు, దిష్టిబొమ్మలు. గడ్డి కూరి, పాత ప్యాంటు తొడిగి, పాడె కట్టి, బ్యాండుతో ఊరేగించి చౌరస్తాలో తగలబెట్టేవారు. అఫ్సర్ షాపు షట్టరు దించి ప్రతి యాత్రకూ పోయి "ముర్దాబాద్" అని గొంతు చించుకునేవాడు. ఒకసారి సిరిసిల్ల నుంచి బుర్హానుద్దీన్‌కు పిలుపొచ్చింది. అక్కడ యాత్ర నడిపించేది జనార్దన్ సారు. మైకు దొరికితే వదలని మనిషి.

"ఉస్తాద్, సావు పాట గొట్టాలె. గని ఆంధ్రోళ్ల సినిమా పాట గొట్టద్దు."

"మరి హిందీది గొట్టల్నా సార్?"

"హిందీదా? మన రాష్ట్రాన్ని ఆపుకోని కూసున్నదే ఢిల్లోళ్లాయె. వాళ్ల పాట మనమెట్ల గొడ్తం?"

"మరేం గొట్టాలె?"

"మనది. మన మట్టిది."

అంతలో సారు జేబులో ఫోను మోగింది. మొన్న శుక్రవారం విడుదలైన సినిమా పాట. సారు గబగబా దాని నోరు నొక్కి, "కానియ్యుండ్రి మరి" అన్నాడు.

బ్యాండులో సైడ్‌డ్రమ్ము వాయించే విఠల్ బిక్కమొహం వేశాడు. సినిమా పాటలు తీసేస్తే వాళ్లకు మిగిలేది ఎర్రకోట్లే. ఉత్త డప్పు దరువుతో నెట్టుకురావచ్చు, ఉస్తాద్‌కు ఆ మాత్రం తెలుసు. కాని ఎదురుగా వీధి నిండా జనం. ఎవరూ ఫలానా పాట కొట్టమని అరవడం లేదు. ఏం ఊదుతాడా అని చెవులప్పగించి నిల్చున్నారు. ఇంత జన్మలో ఆయనకు అలాంటి చెవులు దొరకలేదు. క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాడు. దాచుకున్న పాట వచ్చేసింది.

దాన్ని ఏడుపులా సాగదీసి ఊదాడు. చరణం చివర విఠల్ డ్రమ్ముమీద రెండు దెబ్బలు వేశాడు. ఆ ఖాళీలో జనం పిడికిళ్లెత్తి "ముర్దాబాద్!" అన్నారు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. బొమ్మ కాలుతుంటే ఉస్తాద్ కళ్లు తడిశాయి. పొగకని అందరూ అనుకున్నారు. నిజానికి ఆయన సంతోషం పట్టలేకపోయాడు.

ఇంటికొచ్చి చెబితే సర్వర్ బీ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"కొడుకు పెండ్లికని దాసినదాన్ని సావుకు ఊదొచ్చినవా జీ?"

"బొమ్మ సావే గద."

"బొమ్మదైతేంది? శకునం జూస్కోవద్దా?"

ఇక ఆ పాటను పట్టుకునేవాళ్లెవరు? ముస్తాబాద్‌లో ఎత్తుకున్నారు, ఎల్లంతకుంటలో నేర్చుకున్నారు, గొల్లపల్లి బ్యాండు వాళ్లు మధ్యలో బూర కూడా కలిపారు. సోమవారం ఒక పార్టీవాళ్లు ఇంకో పార్టీ నాయకుడి బొమ్మను దాంతో కాలబెడితే, మంగళవారం వాళ్లు వీళ్ల నాయకుడి బొమ్మను అదే పాటతో కాలబెట్టారు. ఇది వెయ్యేళ్లనాటి మన మట్టి పాటని జనార్దన్ సారు ప్రతి సభలో చెప్పాడు. ఉద్యమానికి మద్దతని హైదరాబాదు నుంచి గిటార్లతో నలుగురు పిల్లలొచ్చారు. తమది ఇండిపెండెంట్ బ్యాండనీ, సినిమావాళ్ల కింద పనిచేయమనీ, పాట తామే కట్టుకుంటామనీ చెప్పారు. బుర్హానుద్దీన్ మురిసిపోయి, తానూ అదే జాతివాడినన్నాడు. ఈ పాట తనదేనన్నాడు. వాళ్లు తల ఊపి, ఫోనులో రికార్డు చేసుకుని, కింద "జానపదం" అని రాసుకుని పోయారు.

చివరికి అఫ్సర్ పెళ్లి కుదిరింది. పిల్ల జగిత్యాల అమ్మాయి, షాజియా. పెళ్లి జగిత్యాల ఫంక్షన్ హాల్లో. ఆ పాట వద్దంటే వద్దని సర్వర్ బీ ఒట్టు పెట్టబోయింది.

"ఉషారుగ గొడ్త. ఎవ్వల్కి ఎరుకైతది?" అన్నాడు ఉస్తాద్. అది నా కొడుకు పాట, తిరిగి నా కొడుక్కే ఇచ్చేస్తాను అనుకున్నాడు పాపం.

అఫ్సర్ గుర్రమెక్కాడు. ముఖం కనపడకుండా పూల సెహ్రా కట్టారు. కొత్త షేర్వానీ బిగుతుకు కదలకుండా కూర్చున్నాడు. హాలుకు కొంచెం ఇవతల ఉద్యమంవాళ్ల దీక్షా శిబిరం ఉంది. అక్కడికి రాగానే ఉస్తాద్ తన పాట ఎత్తుకున్నాడు. ఉషారుగానే ఎత్తుకున్నాడు, కాని విఠల్ చెయ్యి అలవాటు కొద్దీ ఆ రెండు దెబ్బలూ వేసేసింది.

శిబిరంలో అందరూ ఒక్కసారి లేచారు. "ముర్దాబాద్!"

"గీసారి బొమ్మను మస్తు జేసిండ్రురా! గుర్రమెక్కిచ్చిండ్రు!" అంటూ స్టూడెంటు నాయకుడు భాస్కర్ కిరోసిన్ సీసాతో ఉరికొచ్చాడు.

అఫ్సర్ సెహ్రా ఎత్తి కేకపెట్టాడు. "అన్నా, నేను బొమ్మను గాదు! పెండ్లిపిలగాన్ని!"

"మరి బొమ్మలు కాలవెట్టే పాటెందుకు గొడ్తుండ్రు?"

"అది నా పాట," అన్నాడు బుర్హానుద్దీన్. "నా కొడుకు బరాత్‌కని కట్టుకున్న."

"నీదెట్లైతది చాచా? వెయ్యేండ్ల పాటని సారు జెప్పె గద!"

బీడీలు చుట్టుకునే మొగిలవ్వ ముందుకొచ్చింది. శిబిరంలో రోజూ మొదట కూర్చునేది ఆమే.

"నీదేనా కొడుకా? పెండ్లి పాటను సావుకెందుకు గొట్టినవ్ మరి?"

ఉస్తాద్ తలొంచుకున్నాడు. "పెండ్లిళ్ల ఎవ్వలు ఇనలే అవ్వా. బొమ్మను కాలవెడ్తాంటెనే ఇన్నరు."

మొగిలవ్వ భాస్కర్ చేతిలోని సీసా తీసుకుని పక్కన పెట్టింది.

"అయితె గిప్పుడు గొట్టు, ఇంటం. ఎవ్వలన్న నోరు దెరిస్తె నేను జెప్త."

బుర్హానుద్దీన్ ఊదాడు. కొడుకు ఉయ్యాల దగ్గర ఎలా కట్టాడో అలాగే ఊదాడు. జనం చేతులు కట్టుకుని విన్నారు. హాలు గేటు దగ్గర పూలదండతో నిల్చున్న వియ్యంకుడు కూడా తల ఊపుతూ విన్నాడు. ఆయన బతుకులో అంతకంటే పెద్ద కచేరీ లేదు. చరణం ముగిసింది. విఠల్ రెండు దెబ్బలు వేశాడు. పెదాలు బిగబట్టుకుని అందరూ మొగిలవ్వ వైపు చూశారు. ఒక్క గొంతు లేవలేదు.

గుర్రమ్మీద నుంచి పెళ్లికొడుకు, అలవాటైన నోరు ఆగక, హాలు వైపు పిడికిలెత్తి, "ముర్దాబాద్!" అన్నాడు.

ఇక జనం ఆగుతారా? వీధంతా అందుకుంది. వియ్యంకుడు దండతో సహా లోపలికి జరిగాడు. బుర్హానుద్దీన్ మాత్రం క్లారినెట్ దించకుండా రెండో చరణం ఎత్తుకున్నాడు.