తొట్టిగదిలోంచి నేనే ముందు బయటపడ్డాను

వేడినీళ్ళ మీద ఆవిరి లేస్తుందని ఎవరికైనా తెలుసు. ఆ ఆవిరికి రంగు ఉంటుందని ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు. ముందు తెల్లగానే లేచింది. రెండు క్షణాల్లో అందులో పసుపూ ఆకుపచ్చా కాని రంగు కలిసింది. గొంతులో ఎవరో గుప్పెడు కారం కొట్టినట్టయింది. నా భార్య గోడ పక్కన పీట మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పులతో ఎవరైనా చెయ్యందిస్తే తప్ప లేవలేని మనిషి. అది నాకు తెలుసు. తెలిసే బయటికి పరిగెత్తాను.

డెబ్బైల మొదట్లో కొత్తగూడ అవతల, బండరాళ్ళ మధ్య, బావి ఉన్న చిన్న స్థలం కొని రెండు గదుల ఇల్లు వేసుకున్నాం. ఇప్పుడక్కడ పన్నెండంతస్తుల అద్దాల మేడ ఉంది. అప్పట్లో సాయంత్రమైతే రాళ్ళు కొట్టే చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. రోజూ నడుము దాకా వేడినీళ్ళలో కూర్చుంటే మోకాళ్ళు సర్దుకుంటాయని డాక్టరు చెప్పాడు. ఇల్లు కట్టిన మేస్త్రీ చేతనే ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత సిమెంటు తొట్టి కట్టించాను. గాలి తగలకుండా చుట్టూ గది, పైన రేకు, దానికో రేకు తలుపు. మేస్త్రీ ఇల్లు మా పక్క చేనులోనే.

తొట్టి నిండాలంటే బావిలోంచి యాభై బిందెలు తోడాలి, పెద్ద కాగులో కాచాలి. కట్టెలు మోపులకొద్దీ అయ్యేవి. రోజూ కొత్త నీళ్ళెందుకు, అవే నీళ్ళు వారం ఉంచి, పూటకు రెండు కాగులు మరిగినవి కలిపితే సరిపోతుందనుకున్నాను. పాడవకుండా మందు వేస్తే చాలు. మందు సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

నేను నీళ్ళ శాఖ పరీక్షశాలలో గుమస్తాను. పరీక్షలు చేసేది వేరేవాళ్ళు. వాళ్ళు చెప్పిన ఫలితాన్ని కాగితం మీద ఎక్కించి ముద్ర వెయ్యడం నా పని. ఎనిమిదేళ్ళు ముద్ర వేసేసరికి నీళ్ళ గురించి అంతా నాకే తెలుసనిపించింది. ఊళ్ళో ఎవరైనా అడిగితే పరీక్షలు చేస్తానని కూడా చెప్పుకునేవాణ్ణి.

మేస్త్రీ ఒకరోజు తొట్టిలోకి తొంగి చూశాడు.

"గీ నీళ్ళు ఎన్ని దినాలాయె సారు?"

"ఐదు రోజులు. మందు వేశాం, ఏం కాదు."

"మా బర్రెలు గూడ గిట్లనే ఒక్క కుంటల్నే పంటయ్. జర తేడా ఏందంటే, వాటికి పౌడర్ ఎయ్యం." నవ్వాడు. "చెట్లకు పోసి మళ్ల నింపుకో సారు. నీళ్ళు తోడనీకి నేను రానా?"

"ఇది లెక్క ప్రకారం చేసే పని మేస్త్రీ. నీకు తెలీదు."

"నాకేం ఎరుక సారు," అని వెళ్ళిపోయాడు.

ఆఫీసులో ఒక చుక్కలమందు ఉండేది. నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు రంగు తేలుతుంది. పాతబడిందని పారెయ్యడానికి పక్కన పెట్టిన సీసాను ఎవరికీ చెప్పకుండా టిఫిన్ సంచిలో వేసుకుని తెచ్చాను. కిటికీలో, ఎండ తగిలేచోట పెట్టుకున్నాను. రోజూ గ్లాసుతో తొట్టి నీళ్ళు ముంచి చుక్కలు వేసేవాణ్ణి. పసుపు తేలేది కాదు. మందు చాలలేదని ఇంకో చెంచా బ్లీచింగ్ పౌడర్, మర్నాడు ఇంకో రెండు. చచ్చిపోయింది చుక్కలమందేనన్న ఆలోచన నాకు రాలేదు.

"ఒళ్ళంతా మండుతోందండీ, కళ్ళు కూడా," అంది నా భార్య.

"చుక్కలు రంగు మారలేదు. మందే లేని నీళ్ళకు మంటేమిటి?"

"మంట నాకండీ. చుక్కలకు కాదు."

ఆ మాటకు నవ్వి ఊరుకున్నాను. ఆమె మర్నాడు మళ్ళీ ఆ నీళ్ళలోనే కూర్చుంది.

ఆ చుట్టుపక్కల నీళ్ళు ఉప్పగా, బరువుగా ఉండేవి. కాచినకొద్దీ తొట్టి గోడలకు తెల్లటి సుద్ద పేరుకుంది. సుద్దను ఆసిడ్ కరిగిస్తుందని పరీక్షశాలలో ఎవరో అనగా విన్నాను. గచ్చు మీది సిమెంటు మరకలు కడగడానికి మేస్త్రీ తెచ్చి, మిగిలితే మా ఇంట్లోనే వదిలిపెట్టిన ఆసిడ్ జాడీ ఉంది. నీళ్ళు పారబోసి గోడలు కడిగితే సరిపోయేది. యాభై బిందెలు! మనసొప్పలేదు. చలికాలం, తలుపు వేసి ఉంది. నా భార్య తువ్వాలు భుజాన వేసుకుని పీట మీద కూర్చుంది. తొట్టి అడుగున కరగని పౌడర్ ముద్దగా ఉంది. దాని మీదే జాడీ వంచాను.

బయటికి వచ్చాక బావి గట్టు పట్టుకుని దగ్గుతూ నిలబడ్డాను. నా వెనక తలుపు దానంతటదే మూసుకుంది. లోపల ఆమె దగ్గు వినబడుతోంది. కాళ్ళు కదల్లేదు అని రాస్తే అబద్ధం. కదిలాయి, ఇంకో రెండడుగులు దూరం జరిగాను.

మేస్త్రీ ఎటునుంచి వచ్చాడో చూడలేదు. తలపాగా ముక్కుకు అడ్డం పెట్టుకుని తలుపు తన్ని లోపలికి దూరాడు. ఆమెను చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చాడు. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. రాళ్ళ లారీని ఆపి, డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, నగరంలో దవాఖానకు చేర్చాం. దారంతా ఆమె ఊపిరి ఎగబీల్చే చప్పుడు వింటూ, డాక్టరుకు ఏం చెప్పాలా అని ఆలోచించాను.

"ఏం పీల్చారు ఈమె?" డాక్టరు అడిగాడు.

"కట్టెల పొగండీ," అన్నాను.

"కట్టెల పొగ గాదు సారూ!" మేస్త్రీ నన్ను పక్కకు జరిపాడు. "మందు నీళ్ళల్ల ఆసిడ్ పోసిండు. పచ్చ పొగ లేసింది. గీ నా కండ్లు సూడుండ్రి, కట్టెల పొగకు గిట్లయితయా?"

డాక్టరు నా వంక చూశాడు. "మీరెక్కడ పనిచేస్తారు?"

"నీళ్ళ శాఖలోనండి."

ఆయన ఆక్సిజన్ పెట్టమని కేకేస్తూ వెళ్ళిపోయాడు. రెండు రాత్రులు ఆమె దక్కుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. మూడో రోజు కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. దగ్గు మాత్రం ఉండిపోయింది.

ఇంటికొచ్చాక చూడవచ్చినవాళ్ళందరికీ ఆమె ఒకటే మాట చెప్పేది. "వీరు పరిగెత్తుకెళ్ళి మేస్త్రీని కేకేశారు కాబట్టి బతికానండీ." నేను పక్కనే ఉండి కాఫీలు అందించేవాణ్ణి. ఒకాయన నా భుజం తట్టాడు. నేను తల వంచుకున్నాను, వినయం అనుకుని ఉంటాడు.

అలా ఏడాది గడిచింది. తొట్టిని మేస్త్రీయే పగలగొట్టి ఆ రాళ్ళు చేను గట్టుకు వేసుకున్నాడు. ఒక వానాకాలం మధ్యాహ్నం, ఆమె వసారాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, ఉండబట్టలేక చెప్పాను.

"ఆ రోజు నేను మేస్త్రీని పిలవలేదు."

"తెలుసండీ," అంది తల ఎత్తకుండా.

"ఎలా తెలుసు?"

"దవాఖానలోనే అడిగాను. నా దగ్గు వినబడి వచ్చాడట. మీరు బావి దగ్గర నిలబడి ఉన్నారట."

"మరి అందరికీ అలా ఎందుకు చెప్పావు?"

"మీరు కాదంటారని. ఒక్కరి ముందైనా కాదంటారని." చిక్కుడుకాయ విరిచింది. "ఎంతమంది వచ్చారండీ!"

దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాను. ఆమె గ్లాసు అందుకుని, వెలుతురుకు ఎత్తిపట్టి, అడుగుదాకా చూసి, అప్పుడు తాగింది. బతికున్నన్నాళ్ళూ నా చేతి నీళ్ళు అలాగే తాగింది.