మరిగే నీళ్లలో అమ్మ పళ్లు

అమ్మ పెదవుల మూలలు పగిలాయి. చలికి అనుకుని వ్యాజలీన్ రాసుకోమన్నాను. చలి పోయి ఎండలు ముదిరినా పగుళ్లు మాత్రం పోలేదు. దానికి తోడు పక్కన కూర్చుంటే ఒక వాసన, పులిసిన పిండి డబ్బా మూత తీసినట్టు. కన్నతల్లికి నోరు వాసన వస్తోందని ఎలా చెప్పాలో తెలిసినవాళ్లు ఉంటారేమో. నాకు మాట మెత్తగా రాదు. ఒకరోజు పొద్దున చాయ్ ఇస్తూ అడిగేశాను.

“నోరు తెరువమ్మా, చూస్త.”

“ఎందుకు?”

“వాసనొస్తాంది.”

ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి లోపలికి పోయింది.

మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా మిషన్ దవాఖానాలో నర్సు. తొర్రూరు నుంచీ పరకాల నుంచీ బండ్ల మీద వచ్చిన కాన్పుల కేసులు ఎన్ని చూసిందో ఆమెకే లెక్క తెలియదు. ఇప్పుడు డెబ్బై ఎనిమిది. నాన్న పోయాక హన్మకొండలో మేమిద్దరమే ఉంటున్నాం. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు జవాబు చెప్పడం కూడా ఎప్పుడో మానేశాను. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ సంగతి ఇక్కడ చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, చెప్పకపోతే జరిగింది అర్థం కాదు.

అమ్మకు పన్నెండేళ్ల నుంచి కట్టుడు పళ్లు. పైనా కిందా మొత్తం. అవి లేకుండా ఆమె మొహం నేను చూడలేదు. నాన్న కూడా చూడలేదనే అనుకుంటాను. బాత్రూం గడియ పెట్టుకుని కడుక్కునేది, పెట్టుకునే బయటికి వచ్చేది. రాత్రి కూడా తీయదని నాకు తెలియదు. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకరి కంచం ఒకరం కడుగుతున్నాం, అంత మాత్రం తెలియదు.

గురువారం వచ్చిందంటే అమ్మ ఆటో ఎక్కి కాజీపేట పోయేది. ఆమెతో ఒకే వార్డులో పనిచేసిన ఒకామె అక్కడ ఉంది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. తుంటి ఎముక విరిగి మంచాన పడింది, చూపు కూడా పోయింది. అమ్మ మంచం పక్కన కూర్చుని ఒక కీర్తన చదివి, గొంతెత్తి ప్రార్థన చేసేది. ఆ గంటసేపే పెద్దమ్మ మొహంలో కళ ఉండేదని వాళ్ల కోడలు నాతో చాలాసార్లు అంది. అమ్మకు మాత్రం ఇంకెవరున్నారు? ఆ గురువారాల కోసమే వారమంతా బతికేది.

నాలుగు రోజులు అలిగి, ఐదో రోజు పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చింది. డాక్టరు మా పాత స్టూడెంట్ల వయసు పిల్ల. పళ్లు తీయమనగానే అమ్మ నావైపు చూసింది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి డాక్టరు లోపలికి పిలిచింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడవైపు చూస్తోంది.

డాక్టరు ఫోన్‌లో ఫోటో చూపించింది. అంగిలి మీద ఎర్రగా, సరిగ్గా ఆ పళ్ల సెట్టు ఎంత మేర ఉంటుందో అంత మేర.

“ఫంగస్ మేడం. నొప్పి ఉండదు, అందుకే తెల్వదు. దేంతో తోముతరమ్మా?”

“పళ్లపొడి,” అంది అమ్మ కొంగు చాటు నుంచి.

“అయ్యో. గరుకు పొడితోని గీతలు వడతయి. ఆ గీతలల్ల దాక్కుంటయి అవి. బ్రష్ ఆడిదాక పోదు.”

తర్వాత కింది సెట్టు తిప్పి చూపించింది. అమ్మ కింది దవడ ఎముక అరిగిపోయిందని, సెట్టు గుచ్చుకోకుండా పోయినేడు లోపల ఒక మెత్తటి పొర వేశారు. స్పాంజి లాంటిదట. ఫంగస్ అందులోకి దిగితే పైపైన కడిగినా రాదట.

మందు రాసింది. పొడి మానేసి సబ్బు, మెత్తటి బ్రష్ వాడమంది. రాత్రి తీసి, కట్టుడు పళ్లు కడిగే గోళీ వేసిన నీళ్లలో పెట్టమంది. అమ్మ బయటికి వెళ్లాక నాతో విడిగా అంది: “బ్లీచ్ దీన్ని మంచిగ చంపుతది మేడం. కానీ బాగ పల్చగ కలపాలె, పది నిమిషాలే. ఎక్కువైతే రంగు పోతది, ఆ మెత్తటి పొర పాడైతది. ముందుగాల గోళీలు చూద్దాం. వేడినీళ్లు మాత్రం తగలనీయొద్దు, సెట్టు వంగిపోతది.”

ఆ మాటలన్నీ ఒక చీటీ మీద రాసి ఇచ్చింది. నేను మడిచి బ్యాగులో వేసుకున్నాను. వేడినీళ్ల మాట అమ్మకు చెప్పలేదు. పళ్ల మీద వేడినీళ్లు ఎవరు పోస్తారులే అనుకున్నాను.

గోళీ వేస్తే గ్లాసులో బుస్సుమని నురగ పొంగేది. పొద్దున ఒక అరగంట నానేస్తే చాయ్ మరకలు పోయి పళ్లు తళతళలాడేవి. నేను మురిసిపోయాను. మెరిసేదంతా బంగారం కాదని పిల్లలకు చెప్పే నోటితోనే, “ఎంత మంచిగైనయో చూడమ్మా,” అన్నాను. మూడు వారాల తర్వాత డాక్టరు చూస్తే ఎరుపు ఎక్కడిది అక్కడే ఉంది. రాత్రి తీస్తున్నారా అని అడిగింది. అమ్మ తల దించుకుంది.

ఇంటికి వచ్చాక నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“రాత్రి నిన్నెవరు చూస్తరమ్మా? తలుపేసుకొనే పంటవు గద?”

“రాత్రి నేను సచ్చిపోతే పొద్దున చూస్తరు గద.”

“గిదేం మాటనే?”

“ఎంతమంది సచ్చినోళ్లకు దవడ కట్టిన్నో నీకు తెల్వదు బిడ్డ. పండ్లు తీసి డ్రాయర్ల పెడ్తరు, మనిషి పోతది. దవడ బిగుసుకున్నంక ఇగ పెట్టరాదు. బొంద తీసిన నోరుతోనే పెట్టెల పండవెడ్తరు. నన్నట్ల పండవెట్టకు.”

ఫంగస్‌కు మందు ఉంది గానీ దీనికి మందు ఏ షాపులో దొరుకుతుంది? రాత్రంతా తీసి పెట్టు అనడం ఆ రోజుతో మానేశాను.

రాత్రి ఇవ్వదు కాబట్టి పగలే గట్టిగా చంపేద్దామనుకున్నాను. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, బాగా శుభ్రం చేసి ఇస్తానని బతిమాలి పళ్లు తీసుకున్నాను. అమ్మ గదిలోకి పోయి తలుపేసుకుంది. బట్టల కోసం తెచ్చిన బ్లీచ్ సీసా తీశాను. పల్చగా అని డాక్టరు చెప్పింది నిజమే. పల్చటిదే చంపితే చిక్కటిది ఇంకా బాగా చంపదా? గాఢత పెరిగితే చర్య వేగం పెరుగుతుందని ఏటా బోర్డు మీద రాసేదాన్ని. ఆ ద్రావణానికి ఫంగస్ వేరు, అమ్మ పళ్లు వేరు అని తెలియదన్న సంగతి బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు. పది నిమిషాలకు తీద్దామని కూర్చుని, చేతిలో ఉన్న జవాబు పత్రాలు దిద్దుతూ దిద్దుతూ రెండు గంటలు మర్చిపోయాను.

తీసి చూస్తే సెట్టు మీది గులాబీ రంగు చిగురు ఉల్లిపొరలా వెలిసిపోయింది. కింది సెట్టులో మెత్తటి పొర ఎండిన తోలులా బిరుసెక్కింది. ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు. అమ్మ పెట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు కారాయి.

“నోట్ల వార్డు కడిగినట్టున్నది. నువ్వు సదివిన సదువు గింతేనా?”

తప్పయిందని చెప్పాల్సింది. నాకు అలవాటు లేదు. “పురుగులైతే సచ్చినయి గద,” అన్నాను.

మర్నాడు నేను కాలేజీకి పోయాను. నాలుగు గంటలకు వచ్చేసరికి అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది, నోటికి తువ్వాలు అడ్డం. పొయ్యి మీద మూత గిన్నె. దవాఖానా వదిలిపెట్టిన రోజు అక్కడి నుంచి తెచ్చుకున్న గిన్నె అది. గాజు సిరంజీలు, కత్తెర్లు అందులో ఉడికించేవాళ్లట. ఉడకనిది శుభ్రం కాదని నా చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. నా పాలసీసా ఉడికింది, నా బొడ్డు కోసిన కత్తెర ఉడికింది. నీళ్లు మరగడం మొదలైనప్పటి నుంచి గడియారం చూసి ఇరవై నిమిషాలు. ఒక్క నిమిషం తగ్గితే మళ్లీ మొదటి నుంచి.

పళ్లెంలో తెల్లటి గాజుగుడ్డ మీద రెండు సెట్లూ ఉన్నాయి. గుడ్డ అంచులు కూడా వార్డులో మడిచినట్టే మడిచింది. పై సెట్టు వంపు తిరిగిపోయింది. కిందిది ఒక చివర పైకి లేచి, వేలితో తాకితే ఊగుతోంది. బిరుసెక్కిన పొర ఒక మూల ఊడి వేలాడుతోంది.

అమ్మ తువ్వాలు చాటు నుంచి ఏదో అంది. రెండోసారి చెబితే గానీ అర్థం కాలేదు. “ఒక్క పురుగు బతకది,” అంటోంది.

నేను అరిచాను. ఎవరు చెయ్యమన్నారని, ఆగలేవా అని, గిన్నె ఎత్తి సింకులో పడేశాను. ఆమె తువ్వాలు దించింది. అప్పుడు చూశాను ఆ మొహం, మొదటిసారి. మా అమ్మ కాదు, ఎవరో చాలా ముసలామె. ఆ చీటీ ఇంకా నా బ్యాగులోనే ఉంది. ఆమెకు చెప్పి ఉంటే ఉడికించేది కాదు. నేను చిక్కటి బ్లీచ్‌లో పెట్టకపోతే ఆమెకు ఆ పని పడేదే కాదు. అరుస్తూనే ఇదంతా తెలుస్తోంది, అయినా నోరు ఆగలేదు.

డాక్టరు సెట్టును చేతిలో తిప్పి చూసి ట్రేలో పెట్టేసింది. తిట్టినా బాగుండేది. పాతవి ఇక పనికిరావంది. ముందు చిగుళ్లు మానాలి, తర్వాత అచ్చు తీయాలి, నాలుగైదుసార్లు రావాలి.

“పైది నిలుస్తది మేడం. కిందిది నేను గ్యారంటీ ఇయ్యలేను. ఎముక లేదు.”

గురువారం వచ్చింది. అమ్మ పోలేదు. ఆ తర్వాతి గురువారమూ పోలేదు. పెద్దమ్మ కోడలు ఫోన్ చేసింది.

“అక్కా, మా అత్తమ్మ రోజు అడుగుతాంది. మీ అమ్మను జర ఒక్కసారి తోల్కరావా?”

అమ్మను బతిమాలాను. “ఆమెకు కండ్లే కనవడయి గదమ్మా. నీ మొఖం ఎట్ల చూస్తది?”

అమ్మ మెల్లగా, ఒక్కో ముక్కా విడదీసి అంది. “కండ్లు లేవు. చెవులున్నయి.”

పళ్లు లేకుండా అమ్మ మాట ముద్దముద్దగా వచ్చేది. మాటలు తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అంటుకునేవి. కీర్తన చదవబోయి, తన గొంతు తనే విని, పుస్తకం మూసేయడం నేను తలుపు సందులోంచి చూశాను.

ఆమెకు బదులు నేనే కాజీపేట పోయాను. మంచం పక్కన కూర్చుని కీర్తన చదివాను. పెద్దమ్మ చివరిదాకా విని నా చెయ్యి తడిమింది.

“మంచిగ సదివినవ్ బిడ్డా. ఆమె ఎప్పుడొస్తది?”

“వచ్చే గురువారం పెద్దమ్మా.”

ఆ మాట మూడు గురువారాలు చెప్పాను.

కొత్త పళ్లు వచ్చాయి. పైది నిలిచింది. కిందిది మాట మాటకూ లేచి, టకటకమని పైదానికి కొట్టుకునేది. నాలుకతో అదిమి పట్టుకుని మాట్లాడాలంది డాక్టరు, అలవాటు కావాలంది. అమ్మ తలుపేసుకుని రోజూ గంటల తరబడి చదివేది. ఒక వాక్యం, మళ్లీ అదే వాక్యం. బయట కూర్చుని పేపర్లు దిద్దుతూ ఆ టకటక వినేదాన్ని. నేను చేయగలిగింది ఒక్కటీ లేదు. కొత్త సెట్టును ఏ నీళ్లలో నానబెట్టాలి, ఎంతసేపు, ఏది తగలకూడదు, అన్నీ ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

సోమవారం పొద్దున పెద్దమ్మ పోయింది. నిద్రలోనే.

కాజీపేటలో ఇల్లు నిండా జనం. పెట్టె చుట్టూ ఆడవాళ్లు కూర్చుని పాడుతున్నారు. అమ్మను చూసి దారి ఇచ్చారు. పాస్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, “అమ్మగారూ, మీరే ప్రార్థన చెయ్యాలె,” అంది. అందరూ లేచి నిలబడి కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

అమ్మ పెద్దమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది. “ప్రభువా,” అంది. ఆ ఒక్క మాటా స్పష్టంగా వచ్చింది. తర్వాతి మాటకు కిందిది లేచింది. ఆగి, సర్దుకుని, మళ్లీ మొదలుపెట్టింది. టక్కుమంది. ఎవరో చిన్నపిల్ల కళ్లు తెరిచి చూసింది. మూడోసారి నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకుంది. పెదవులు కదులుతూనే ఉన్నాయి. కాసేపు చూసి పాస్టరమ్మ ప్రార్థన అందుకుంది. అందరితో పాటు అమ్మ ఆమెన్ కూడా అనలేదు.

భూస్థాపన అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆటోలో అమ్మ రెండు సెట్లూ తీసి రుమాల్లో చుట్టి నా చేతిలో పెట్టింది. ఫాతిమానగర్ దాటుతుండగా నావైపు తిరిగి ఏదో చెప్పింది. ఒకటి రెండు మాటలు కాదు, చాలా చెప్పింది. మధ్యలో ఒకసారి చెయ్యి కూడా ఆడించింది. ఆటో చప్పుడు, వెనక లారీ హారను. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నన్ను తిట్టిందో, పెద్దమ్మ సంగతి ఏదైనా చెప్పిందో, మంచినీళ్లు అడిగిందో.

“సరేనమ్మా,” అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది. మళ్లీ చెప్పలేదు.