తంబాకు డబ్బాలో పాస్‌పోర్టు

కోరుట్లలో బీడీలు చుట్టే బాలలక్ష్మి నమ్మే మనిషి ఒక్కరైనా ఉన్నారా అని వాడకట్టులో అడగండి. పక్కింటి చంద్రవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "అది పొద్దును సుత నమ్మదు. వాకిట్లకొచ్చి, తూర్పుదిక్కే పొడిసిందా లేదా అని సూసుకున్నంకనే మొఖం కడుగుతది" అంటుంది.

మాట కొంచెం ఎక్కువే కానీ, అబద్ధం కాదు. పాలవాడి చెంబులో వేలు ముంచి చూడందే బాలలక్ష్మి గిన్నె పట్టదు. బస్సుకు ఇంత పెద్ద బోర్డున్నా ముగ్గురిని అడిగి గానీ ఎక్కదు. కార్ఖానాలో టేకేదారు ఆమె కట్టలోంచి ఒక్క బీడీ తీసి పక్కన పడేశాడా, అయిపోయాడే! ఆ బీడీని రెండు వేళ్ళ మధ్య ఒత్తి వాడి ముక్కు ముందు పెడుతుంది. "ఏది బోలు? ఒత్తి సూడు. నీ కండ్లు బోలు" అంటుంది. ఇరవై ఏళ్ళుగా చాట ఒళ్ళో పెట్టుకుని చుట్టిన వేళ్ళవి. లోపల తంబాకు నిండుగా ఉందో, ఉత్త ఆకే ఉందో కళ్ళు మూసుకుని చెబుతాయి.

పుట్టుకతో వచ్చిన గుణం మాత్రం కాదు. బీర్‌పూర్‌లో పుట్టి మల్లాపూర్‌కు కోడలుగా పోయిన నాడు అందరినీ నమ్మింది, పిచ్చితల్లి. మొగుడు రాజేందర్ తాళ్ళెక్కేవాడు. వరసగా మూడేళ్ళు వానల్లేక కాలం కాలేదు. తాళ్ళలో కల్లు పడలేదు. జగిత్యాలలో ఒక ఏజెంటు "ఫ్రీ వీసా" అన్నాడు. దుబాయిలో ఇష్టమైన చోట ఇష్టమైన పని చేసుకోవచ్చన్నాడు. పేరుకే ఫ్రీ, ఉన్న ఎకరం పొలాన్ని మింగింది. తీరా అక్కడ దిగితే పనిలో పెట్టుకునే దిక్కు లేదు. రాజేందర్ ఖల్లివెల్లి అయ్యాడు. అంటే కాగితాలు లేకుండా, పోలీసుల కంట పడకుండా, దొరికిన పని చేసుకుని బతికే మనిషన్నమాట. ఈ సంగతి ఇంటికి చెప్పలేదు మహానుభావుడు. ఊరికొచ్చే వాళ్ళ చేత ఒక ఫోటో పంపించాడు. తెల్లచొక్కా, పెద్ద బస్సు, స్టీరింగు మీద చెయ్యి, పళ్ళన్నీ కనబడే నవ్వు. డ్రైవర్నయ్యాను, ఏసీలో కూర్చుంటున్నాను అని కబురు. బాలలక్ష్మి ఆ ఫోటోకు అద్దం కట్టించింది. బీడీల పనికని కోరుట్లకు వచ్చి గది కిరాయికి తీసుకున్నాక, మొట్టమొదట గోడకు తగిలించింది దాన్నే.

ఆరేళ్ళు మనిషి రాలేదు. ఆరేళ్ళకు పెట్టె వచ్చింది. మూత తీస్తే అందరూ మొఖం చూసి ఏడ్చారు. బాలలక్ష్మి చేతులు చూసింది. సిమెంటు తినేసిన అరచేతులు, కుడిచేతికి రెండు గోళ్ళు లేవు. బస్సు తోలే చేతులా అవి? ఒక్కసారి నిజం చెప్పి ఉంటే, ఉపాసమున్నా సరే వచ్చెయ్యమని పిలిపించుకునేది కదా! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఆ రోజే గోడ మీది ఫోటో దించేసింది. నమ్మకం అన్నది కూడా అప్పుడే ఆ ఇంట్లోంచి దిగిపోయింది.

అందుకే ఇరవై మూడేళ్ళ కొడుకు సాగర్ చాటుగా పాస్‌పోర్టు తీయించాడని తెలిసిన రోజు ఇల్లు పీకి పందిరేసింది. పాస్‌పోర్టు గుంజుకుని తంబాకు డబ్బా అడుగున దాచి, పైన రెండు కిలోల తంబాకు పోసి మూత పెట్టింది. సాగర్ అలిగి బొంబాయి బస్సెక్కాడు. మూడు నెలలకు ఫోను చేశాడు.

"అవ్వా, గీడ బస్సుల డిపోల నౌకరి దొరికింది. పాత ట్రాములు, మిషన్లు పెట్టిన మ్యూజియం ఉంటది. అవన్ని తుడిసి మంచిగ సూసుకునుడే పని. పర్మనెంటు చేత్తరట. పోలీసు ఎంక్వైరీకి పాస్‌పోర్టు కావాలె. ఎవరన్న అచ్చేటోళ్ళతోని పంపు."

ఇనుము తుడిచే పనికి పాస్‌పోర్టా? బాలలక్ష్మి ఆ మాటను ఒత్తి చూసింది. ఎక్కడో బోలుగా తగిలింది. దుబాయి పోయే విమానాలు బొంబాయి నుంచే లేస్తాయని కోరుట్లలో చంటిపిల్లకు కూడా తెలుసు.

"ఎవలతోని పంప. నేనే అత్త. నీ నౌకరి నా కండ్లతోని సూసినంక నా చేతులతోనే ఇత్త" అంది.

అట్లా పాస్‌పోర్టును బొడ్లె సంచిలో పెట్టి, సంచిని నడుముకు రెండు ముడులేసి కట్టుకుని, రాత్రంతా బస్సులో నిద్రపోకుండా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చుని బొంబాయిలో దిగింది. కొడుకు ఎదురొచ్చి కాళ్ళు మొక్కాడు. చిక్కిపోయాడు. "నడువు, ముందుగాల నీ నౌకరి సూపియ్యి" అంది.

డిపోలో బస్సుల మధ్య నుంచి తీసుకుపోయి ఒక పాత షెడ్డు ముందు నిలబెట్టాడు. బాలలక్ష్మి టికెట్ల కిటికీ కోసం అటూ ఇటూ చూసింది.

"టికెట్ లేదవ్వా. ఫ్రీ."

ఆ మాట వినగానే బాలలక్ష్మి చెయ్యి తనంతట తానే నడుము మీదికి పోయింది. "ఫ్రీ ఏందిరా? టికెట్ లేదు, అమ్మేది లేదు. మరి నీకు జీతం ఎవడిత్తడు?"

"సర్కారు ఇత్తది."

"ఏ సర్కారురా గంత పుణ్యాత్మురాలు?"

లోపల బల్ల దగ్గర ఖాకీ చొక్కా ముసలాయన కూర్చుని ఉన్నాడు. పేరు ఎల్లేశం. వీళ్ళ మాట వినగానే మొఖం విచ్చుకుంది. "మాది సుత జగిత్యాల దిక్కే చెల్లె. సారంగాపూర్. మా తాత గీ ట్రాముల పట్టాలకు రోడ్లు తవ్వనీకి అచ్చిండట. నేను గీడ కావలున్న" అన్నాడు మరాఠీ యాస కలిసిన తెలుగులో. రిజిస్టరు ముందుకు తోశాడు. సాగర్ వంగి తన పేరు రాశాడు.

"నౌకరి చేసేటోడు సుత రాయాల్నా?"

"హాజరు అవ్వా, హాజరు" అన్నాడు సాగర్, తల ఎత్తకుండా.

"మరి గా అన్నకు ఖాకీ అంగి ఉన్నది. నీదేది?"

"ఇంక కుట్టియ్యలే."

బాలలక్ష్మి ఇక కొడుకును వదిలి ముసలాయనను పట్టుకుంది. "అన్నా, నీ పిల్లల మీద ఒట్టు. నా కొడుకు రోజు గీడికి అత్తడా?"

"అత్తడు చెల్లె. పొద్దుగాల తలుపు తెరవంగనే అత్తడు. బందు చేసేదాక ఉంటడు. గసువంటి పోరడు నేను సూడలే."

ఒట్టు వేసి చెప్పిన మాట. బాలలక్ష్మి అనుమానంలో సగం కరిగింది. మిగిలిన సగాన్ని చంకలో పెట్టుకుని లోపలికి నడిచింది.

లోపల అంతా పాత ఇనుమే. నిలువునా కోసి లోపలి పేగులు చూపిస్తున్న ఇంజను, మనిషంత ఎత్తు చక్రాలు, టికెట్లకు చిల్లులు పొడిచే చేతి మిషన్లు, బ్రేకులు తిప్పే ఇత్తడి పిడులు. అన్నిటికీ నూనె, అన్నిటికీ రంగు. పైన గిరగిరా ఫ్యాన్లు. బాలలక్ష్మికి ఒళ్ళు మండింది. సిరిసిల్లలో అక్క రేణుక ఇంట్లో బట్ట నేసే సాంచాలు నాలుగుండేవి. పని లేక నడవని సాంచాలను పాత సామాను కొనేవాడు పగలగొట్టి తూకమేసుకుని పోయాడు. అవి పోతుంటే అక్క పీనుగ వెళ్తున్నట్టు ఏడ్చింది. ఇక్కడేమో పాత ఇనుముకు ఇల్లు కట్టి, గాలి విసురుతున్నారు.

"గీ ఇనుముకున్న అదృష్టం మా అక్క సాంచాలకు లేకపాయె" అంది పైకే.

షెడ్డు మధ్యలో ట్రాము ఉంది. చుట్టూ తాడు కట్టారు. ఎక్కుతానంది. "అద్దవ్వా, ఎవలను ఎక్కనియ్యరు" అని సాగర్ అడ్డం వచ్చాడు. ఎల్లేశం వెనక నుంచి వచ్చి తాడు విప్పాడు. "ఎక్కనియ్ తమ్మీ. మన ఊరి మనిషి. ఎవడేమంటడు?"

ఇద్దరూ ఎక్కారు. డ్రైవరు నిలబడే చోటు చూడగానే సాగర్‌కు హుషారొచ్చింది. సెల్లు తల్లి చేతికిచ్చి, జుట్టు సవరించుకుని, ఇత్తడి పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఫోటో దించు అవ్వా, చంద్రవ్వకు సూపిద్దువు."

బాలలక్ష్మి సెల్లులోకి చూసింది. తెల్లచొక్కా, పిడి మీద చెయ్యి, పళ్ళన్నీ కనబడే నవ్వు. గోడ మీంచి దించేసిన ఫోటో మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. ఫోటో దించలేదు. సెల్లు వాపసు ఇద్దామని ఒక అడుగు ముందుకు వేసింది. కాలి కింద ఇనుప బొడిపె ఏదో తగిలి లోపలికి దిగింది.

ఠంగ్!

షెడ్డంతా మోగింది. సాగర్ ఎగిరిపడ్డాడు. పైకప్పు చూశాడు, కిటికీ చూశాడు, మెట్ల వైపు తొంగి చూశాడు. "ఎవడు, గంట ఎవడు కొట్టిండు?"

కింద ఎల్లేశం పడీపడీ నవ్వాడు. "మీ అవ్వనే కొట్టింది తమ్మీ. కాళ్ళ కింద సూడు. డ్రైవరు చేతులు ఖాళీ ఉండయి గద, కాలుతోని తొక్కితే మోగుతది."

బాలలక్ష్మి కొడుకు మొఖంలోకి చూస్తూ ఇంకోసారి తొక్కింది. ఠంగ్!

"రోజు దీన్ని నువ్వే తుడుత్తున్నవు గద. గీ గంట నీ కాలుకు ఒక్కనాడన్న తగల్లేదా కొడుకా?"

సాగర్ ట్రాము బల్ల మీద కూలబడ్డాడు. ఇక దాచడానికేం మిగల్లేదు.

"నౌకరి లేదవ్వా. వీసా అచ్చింది. పాస్‌పోర్టు జిరాక్సు ఇచ్చి తీయించిన. శుక్రారం పోవాలె. లాడ్జిల ఒక్క గదిల పదిమందిమున్నం, పగలు ఉండనియ్యరు. గీడ టికెట్ లేదు, ఫ్యాన్లుంటయి. పోవుడు దుబాయిల ట్రాము పట్టాలేసుటానికి. ట్రామంటే ఎట్లుంటదో సూద్దామని ఒకనాడు అచ్చిన. ఇగ రోజు గిండ్లనే కూసుంటున్న."

"ఏం పని?"

"ఆపరేటర్ అవ్వా, మిషన్ల మీద..."

బాలలక్ష్మి వాడి చేతుల వైపు చూసింది.

"తవ్వుడు" అన్నాడు సాగర్ గొంతు తగ్గించి. "గడ్డపార పని."

"కాగితమేది?"

జేబులోంచి మడత తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొడుకు చేత చదివించలేదు. దిగిపోయి ఎల్లేశం చేతిలో పెట్టింది. ముసలాయన అద్దాలు తగిలించుకుని వేలు పెట్టి చదివాడు. "కంపెనీ వీసానే చెల్లె. రెండేండ్లు. పని కాడ లేబర్ అని రాసున్నది."

ఈసారి మాట నిండుగానే ఉంది. బాలలక్ష్మి కాగితం లాక్కుని కొడుకు వైపు తిరిగింది. "ముందుగాల్నే చెప్పద్దారా?"

"చెప్తె పంపుతవా? నాయిన పేరెత్తి ఏడుత్తవు. ఇంటికాడ ఉండి ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పవ్వా. చెప్పు, గిప్పుడే బస్సెక్కుత."

ఏం చెబుతుంది? కార్ఖానాలో వారానికి మూడు రోజులే ఆకు ఇస్తున్నారు. పొలం ఫ్రీ వీసాకే పోయింది. తాళ్ళు ఎక్కడం కొడుకుకు రాదు.

షెడ్డు చివర ఒక పట్టా ముక్క, దాని పక్కన తుప్పు పట్టిన గడ్డపార, పార గోడకు ఆనించి ఉన్నాయి. పట్టాలేసిన కూలీలవట. వాటికి మాత్రం ఎవరూ రంగు వేయలేదు. బాలలక్ష్మి కొడుకు రెక్క పట్టుకుని అక్కడికి తీసుకుపోయింది.

"నిలబడు. గడ్డపార పట్టుకో. నవ్వకు."

ముట్టుకోకూడదని పైన బోర్డుంది. ఎల్లేశం మొఖం అటు తిప్పుకున్నాడు. బాలలక్ష్మి ఫోటో దించింది. "ఇగ చేతులు సాపు" అని రెండు అరచేతులు, తిప్పి పది గోళ్ళు దించింది. చంద్రవ్వకు చూపిస్తే గిస్తే ఇవే చూపిస్తుంది.

తర్వాత పక్కకు తిరిగి బొడ్లె సంచి ముడి విప్పింది. రెండు ముడులు, విప్పడానికి చాలాసేపు పట్టింది. పాస్‌పోర్టు బయటికి రాగానే తంబాకు ఘాటు గుప్పుమంది. సాగర్ రెండు చేతులా అందుకున్నాడు. తల్లి మాత్రం వదల్లేదు. బీడీ ఒత్తినట్టు రెండు వేళ్ళ మధ్య దాని అంచు పట్టుకునే ఉంది.

"మీ నాయిన మొఖం పంపిండు, చేతులు దాసిండు. నాకు నీ మొఖం అద్దు. నెలకోపారి చేతుల ఫోటో పంపు. పది గోళ్ళు కనవడాలె. ఒక్కటి తక్కువున్నా అచ్చెయ్యి కొడుకా. ఉపాసమే ఉందాం."

సాగర్ ఏడుస్తూ తల ఊపాడు.

"తలకాయ ఊపుడు కాదు. నోటితోని చెప్పు."

"పంపుతనే. పది గోళ్ళు."

అప్పుడుగానీ బాలలక్ష్మి వేళ్ళు తీయలేదు.